గ్లాసు అడుగున రుచి

ఓడ నుంచి
జనవరి 11

అక్కా,

ముందు ఉత్తరం చదివి, తర్వాత డబ్బా విప్పు. నీ సంగతి తెలుసు, ఈపాటికే కత్తెర పుచ్చుకుని తాళ్ళన్నీ కోసేసి ఉంటావు. అందులో ఉన్నవి చూసి కంగారు పడకు. మా ఓడ వంటవాడు సెలవు మీద మీ వైపే వస్తున్నాడు, ఒక్క సీసా పగలకుండా నీ చేతికిస్తానని మాటిచ్చాడు. విస్కీ ఒకటి, జిన్ ఒకటి, ఎర్రటి చేదు మద్యం ఒకటి. వేలెడంత సీసాలో ఉన్నవి బిటర్స్. అవి తాగేవి కావు, చుక్కల లెక్కన వేసేవి. స్టీలు చెంబులా రెండు ముక్కలుగా ఉన్నది షేకర్.

వీడికేమైనా మతి పోయిందా అనుకుంటున్నావు కదూ? నాన్న పోయాక అమ్మ ఇంట్లోకి దగ్గు మందు కూడా రానిచ్చేది కాదు. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి బార్ వెనక నిలబడి పదకొండేళ్ళయింది. ఇప్పటిదాకా ఒక్క గుటక మింగలేదు. స్ట్రా కొసన చుక్క తీసి నాలుక మీద వేసుకుంటాను, రుచి చూస్తాను, ఉమ్మేస్తాను. ఇక్కడ నా పేరు సన్యాసి.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా బార్ పెద్దాయన ఈ ఏడాది చివర దిగిపోతున్నాడు. ఆయన స్థానం ఎవరికివ్వాలో తేల్చడానికి పందెం పెట్టాడు. పాత, పేరుపడ్డ కాక్‌టెయిల్స్ మూడు. మూలం చెడకుండా ఒక్కోదాన్నీ కొత్తగా చెయ్యాలి. నేను చేసింది తాగి, "మొదటి గుటక బాగుంది. చివరి గుటక సంగతి నీకు తెలీదు సన్యాసీ. ఐసు కరిగాక గ్లాసు అడుగున ఏం మిగులుతుందో తెలియనివాడు మందు కలపకూడదు" అన్నాడు. గుచ్చుకుంది. నిజం కాబట్టి.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పక్కింటివాళ్ళు టీ ఆకు మార్చారని వాసనతోనే చెప్పేదానివి. పైగా ఇరవై ఆరేళ్ళు కాలేజీ ల్యాబ్‌లో మిల్లీలీటర్లతో కాపురం చేశావు. ల్యాబ్ మూసేశారని రాసినప్పటి నుంచి నీ ఉత్తరాలు నాలుగు లైన్లు దాటడం లేదు. చేతికి పని దొరికితే నీకూ బాగుంటుంది, నాకూ గండం గడుస్తుంది. బావని సాయం పట్టమను. ఆయన సెలవు రోజున చెరో అరగ్లాసు, అంతే.

మొదటిది ఓల్డ్ ఫ్యాషన్డ్. విస్కీ అరవై మిల్లీ, చక్కెర చెంచాడు, బిటర్స్ రెండు చుక్కలు, ఐసు, నారింజ తొక్క. దీన్ని నువ్వేం చేస్తావో నీ ఇష్టం.

ఓడలో ఫోను కెప్టెన్ గదిలో ఒక్కటే ఉంది, మీ ఇంట్లో అదీ లేదు. కాబట్టి ఉత్తరమే రాయి. ఆలస్యమైనా ఏదో ఒక రేవులో అందుతుంది.

నీ తమ్ముడు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 3

ఒరే చిన్నోడా,

కత్తెర దొరకలేదు, కూరల కత్తితో కోశాను. వేలు కూడా కోసుకున్నాను. నీ వంటవాడు గుమ్మంలో నిలబడి, "పైకీ కిందికీ తిప్పకండమ్మా" అంటూ పసిపిల్లని అప్పగించినట్టు అప్పగించి పోయాడు.

మొదట నిన్ను నాలుగు తిట్టాను. తర్వాత షేకర్ మూత తీసి చూశాను. ఆ తర్వాత అల్మరా కింది అరలోంచి నా అట్టపెట్టె లాగాను. అంచులు విరిగిన బీకర్లు రెండు, ఒక కొలజాడీ, పిపెట్లు మూడు, స్పిరిట్ దీపం ఒకటి. చెత్తలో పారేయబోతుంటే ల్యాబ్ నుంచి తెచ్చుకున్నాను. వాటిని వంటింటి కిటికీ గట్టు మీద వరసగా పెట్టేసరికి ఏం చెప్పమంటావు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పదకొండు గంటలకి ఎండ ఆ గాజులోంచి దూరి గోడ మీద పడుతుంది. ఆ వేళకి మీ బావ బస్సు మీద ఉంటాడు, వీధిలో అందరూ పనుల మీద ఉంటారు, ఇంట్లో గోడ గడియారం తప్ప నాతో మాట్లాడే దిక్కుండదు. అలాంటిది ఇప్పుడు ఆ పదకొండు గంటల కోసమే ఎదురుచూస్తున్నాను.

నీ ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో తప్పంతా చక్కెరది. తెల్ల చక్కెర తీపి తప్ప ఏమీ తెలియని మొద్దు. దాన్ని బాణలిలో మాడబోయే ముందు దాకా కాల్చి, వేడి నీళ్ళు పోసి పాకం చెయ్యి. విస్కీలో టీ ఆకు వేసి సరిగ్గా నాలుగు నిమిషాలుంచి వడకట్టు. ఐదో నిమిషంలో వగరెక్కుతుంది. నారింజ తొక్కని మంట మీద పిండు, దాని నూనె చిటపటమని అంటుకోవాలి. ఐసు పెద్ద ముక్క ఒక్కటే వెయ్యి. చిన్నవేస్తే అంతా నీళ్ళపాలు.

అడుగున ఏం మిగులుతుందని కదా మీ పెద్దాయన అడిగింది? చల్లారిన టీ, కాలిన చక్కెర, ఆఖర్న కాస్త పొగ. మనిషి లేచి వెళ్ళిపోయాక కుర్చీలో మిగిలే వేడిలా ఉంటుంది.

ఈ మాట నాది కాదు, మీ బావది. నేను ముట్టలేదు. నాన్నని చూసిన కళ్ళతో ఆ గ్లాసు నోటిదాకా ఎలా తెచ్చుకుంటాను? కలిపేది నేను, తాగేది ఆయన. మామూలుగా ఆయన నోరు తెరవాలంటే స్టాపు రావాలి కదా, గ్లాసు చేతిలో ఉంటే బాగానే మాట్లాడుతున్నాడు.

రెండోది పంపు.

అక్క


ఓడ నుంచి
ఫిబ్రవరి 28

అక్కా,

నీ ఉత్తరం రేవులో అందింది, ఆ సాయంత్రమే కలిపాను. పెద్దాయన చివరిదాకా తాగి, ఐసు ముక్క కూడా చప్పరించి, "ఎవరిదిది?" అన్నాడు. మా అక్కదన్నాను. "అయితే మీ అక్కని ఓడెక్కించి నువ్వు దిగిపో" అన్నాడు.

బోర్డు మీద దానికో పేరు కావాలంటే "కెమిస్ట్రీ టీచర్" అని రాయించాను. రోజుకి నలభై గ్లాసులు పోతున్నాయి. ఒక ముసలావిడ వరసగా మూడు రోజులు అదే అడిగి, నాలుగో రోజు, "ఇది కనిపెట్టినావిడ చాలా ఒంటరిగా ఉంటుందా?" అంది. లేదండీ, మొగుడూ ఉన్నాడు, తమ్ముడూ ఉన్నాడు అన్నాను. తాగేవాళ్ళ మాటలు ఇలాగే ఉంటాయి.

బావకి నా దండం. కుర్చీలో మిగిలే వేడట! పదిహేనేళ్ళలో ఆయన నాతో మాట్లాడినదంతా కలిపినా ఒక కార్డు నిండదు. లోపల ఇంత దాచుకున్నాడా మహానుభావుడు?

రెండోది జిన్ సవర్. జిన్, నిమ్మరసం, చక్కెర పాకం, నురగ కోసం గుడ్డు తెల్లసొన. ప్రతివాడూ చేసేదే కాబట్టి మార్చడం కష్టం. తొందరేం లేదంటే అబద్ధం, ఏప్రిల్ నెలాఖరుకి కావాలి. వంటవాడు మళ్ళీ మే నెలలో వస్తాడు. ఈలోపు సీసా అయిపోతే వీధి చివర కొట్లో తెప్పించుకో.

నీ ఉత్తరం మూడు పేజీలుంది. ఎన్నాళ్ళయింది నువ్విలా రాసి!

తమ్ముడు


ఇంటి నుంచి
మార్చి 20

ఒరే,

టీచరేంట్రా? గ్లాసులు కడిగేదాన్ని టీచర్ని చేసి కూచోబెట్టావు. కాలేజీవాళ్ళెవరైనా చూస్తే పొట్ట చెక్కలవుతుంది. (తుడిపేయకు, ఉండనీ.)

ఈసారి రికార్డు పుస్తకం పెట్టాను. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం. మూడు రోజుల్లో పద్నాలుగు ప్రయోగాలు. నీ జిన్ సవర్‌లో పులుపు ముందుకొచ్చి అరుస్తుంది, తీపి వెనక నక్కుతుంది, రెండూ మాట్లాడుకోవు. మొదటి ఐదు ప్రయోగాలూ వాటికి రాజీ చెయ్యడానికే పోయాయి. ఆరోదాంట్లో చక్కెర తీసేసి పండిన బేరిపండు ఉడకబెట్టిన రసం వేశాను. మెత్తబడింది కానీ నిద్రమొహం పెట్టింది. మిరియం ఒకటి చితక్కొట్టి వేస్తే లేచి కూచుంది. ఇంకా ఏదో లోటు. పన్నెండో ప్రయోగంలో దొరికింది: ఉప్పు. వంద మిల్లీ నీళ్ళలో ఇరవై గ్రాముల ఉప్పు కరిగించి, పిపెట్టుతో మూడంటే మూడు చుక్కలు. ఉప్పని నాలుక్కి తెలియకూడదు, మిగతావన్నీ తెలియాలి. ఏడ్చి మొహం కడుక్కున్నాక తాగే మంచినీళ్ళు ఎలా ఉంటాయి, అలా ఉంటుంది అడుగున.

తొమ్మిదో ప్రయోగం ఫలితం చదవబోతే నా రాత నాకే అర్థం కాలేదు. మీ బావ చెప్పిన వేగానికి గిలికేసి ఉంటాను.

జిన్ అయిపోయింది. కొట్టాయన రెండో సీసా ఇస్తూ "డ్రైవర్ గారికాండీ?" అని నవ్వాడు. అవునన్నాను. ఎదురింటావిడ సంచీ వంక చూసి, "ఈ మధ్య హుషారుగా కనిపిస్తున్నావు" అంది. హుషారుగానే ఉన్నానురా. పొద్దున్నే లేస్తున్నాను.

మూడోది ఎప్పుడు పంపుతావు?

అక్క


ఓడ నుంచి
ఏప్రిల్ 14

అక్కా,

ఉప్పు చుక్కలకి పెద్దాయన లేచి నిలబడ్డాడు. నా తోటివాళ్ళు ముగ్గురూ పందెం వదిలేసినట్టే. ఇంకొక్కటి గెలిస్తే చాలు.

కానీ ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మూడు రోజుల్లో పద్నాలుగు ప్రయోగాలు రాశావు. ఒక్కోదాంట్లో యాభై మిల్లీ జిన్ అనుకున్నా ఎంతవుతుందో నీకు నేను చెప్పాలా? అంతా బావే తాగాడా? ఆయన తెల్లారి ఆరింటికి బస్సెక్కే మనిషి. గుటక తాగి మిగతాది పారబోస్తున్నాడంటే సరే. కానీ అడుగున ఎలా ఉందో చెబుతున్నాడంటే అడుగుదాకా తాగినట్టే కదా.

నేను బార్ వెనకనుంచి మనుషుల్ని చూస్తుంటాను. మొదట్లో అందరూ మాటకారులే. మాట్లాడనివాడు మాట్లాడుతున్నాడని నువ్వు రాసినప్పుడు నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు. నాన్న కూడా మొదట్లో పాటలు పాడేవాడు, నీకు గుర్తుందో లేదో. నేను చిన్నవాణ్ణి, నాకే గుర్తుంది.

బావతో మెల్లగా చెప్పు. సెలవు రోజున మాత్రమే. ఒక్క గ్లాసు.

మూడోది నెగ్రోనీ. జిన్, తియ్యటి వెర్మూత్, ఎర్ర చేదు మద్యం, మూడూ సమపాళ్ళు. వెర్మూత్ అంటే మూలికలు వేసిన తియ్యటి వైన్, కొట్లో ఉంటుంది. ఇదొక్కటి చేసిపెట్టు. దీని తర్వాత ఆ సీసాలన్నీ ఎవరికైనా ఇచ్చెయ్. నిజంగా ఇదే ఆఖరు.

తమ్ముడు


ఇంటి నుంచి
మే 9

చిన్నోడా,

నెగ్రోనీ. వేయించిన కాఫీ గింజలు ఇరవై, ఎర్ర మద్యంలో ఒక పగలంతా నానాలి. దాల్చిన చెక్క కాల్చి ఆ పొగ మీద గ్లాసు బోర్లించాలి. వెర్మూత్ కాస్త తగ్గించు, సమపాళ్ళు అన్నది సోమరిపోతుల మాట. షేకర్‌లో ఊపకు, చెంచాతో తిప్పు, నలభై సార్లు. అడుగున ఏమీ మిగలదు. ఇదొక్కదానికే అడుగులో ఏమీ ఉండదు. నల్లగా ఉంటుంది, అంతే.

మీ బావ మెట్ల మీద జారాడు. కంగారు పడకు. కనుబొమ్మ దగ్గర నాలుగు కుట్లు పడ్డాయి. మెట్ల మీద నీళ్ళున్నాయి. అడక్కు ఆయన్ని, చిన్నబుచ్చుకుంటాడు. ఆయనకి రాయకు కూడా.

నువ్వు లెక్కలు కట్టావు చూడు, ఆ ఉత్తరం నాకు నచ్చలేదు. నాన్న మాట ఎందుకు తెచ్చావు? పాటలు నాకూ గుర్తున్నాయి. పాటల తర్వాతవీ గుర్తున్నాయి, నీకు లేనివి.

ఆఖరు అంటావేంట్రా? నాలుగో రకం లేదా? మీ బార్‌లో ఉన్నవి మూడేనా? మార్టినీ అని రాశావు ఎప్పుడో. లేదా నేనే ఎక్కడో చదివానా? అదేంటో రాయి. పని మధ్యలో ఆపడం నాకు చేతకాదు.

అక్క


ఓడ నుంచి
జూన్ 5

అక్కా,

పందెం గెలిచాను. డిసెంబరు నుంచి బార్ నాది. ఈ మాట ఇంత చప్పగా రాస్తానని అనుకోలేదు.

వంటవాడు సెలవు నుంచి వచ్చాడు. మీ ఇంటి సంగతి చెప్పనన్నాడు, పట్టుబట్టి చెప్పించాను. పొద్దున తొమ్మిదింటికి వచ్చాడట. తలుపు బావ తీశాడు. యూనిఫాం గుండీలు తప్పుగా పెట్టుకుని, టోపీ నుదుటి మీదికి లాక్కుని ఉన్నాడు. లోపల్నించి గుప్పుమని వాసన. "అమ్మగారు ఉన్నారా?" అంటే "పడుకుంది" అని, మూడోదాని కోసం నేను పంపిన రెండు సీసాలూ లాక్కుని, డ్యూటీ సంచిలో కుక్కుకుని, మొహం మీద తలుపు వేశాడు. డ్యూటీ సంచిలో, అక్కా!

నువ్వు దాస్తావని తెలుసు. అమ్మ కూడా ఇలాగే దాచింది. నీళ్ళున్నాయి, జారాడు, జ్వరమొచ్చింది, ఇవన్నీ అమ్మ మాటలే. నాన్న చేతిలో ఉన్నది సైకిలు కాబట్టి కాలవలో పడి ఆయనొక్కడే పోయాడు. బావ చేతిలో ఉన్నది బస్సు. అందులో యాభైమంది ఉంటారు. వాళ్ళ పిల్లలుంటారు.

నాలుగు రోజులు ఆలోచించాను. నిన్న డిపో మేనేజర్‌కి ఉత్తరం రాసి పోస్టు చేశాను. నా పేరు పెట్టే రాశాను, దొంగచాటుగా కాదు. డ్యూటీ ఎక్కే ముందు పరీక్ష చెయ్యండి, సంచి చూడండి అని. ఉద్యోగం తియ్యకండి, మాన్పించడానికి సాయం చెయ్యండి అని కూడా రాశాను.

ఆ ఇంట్లోకి మొదటి సీసా పంపింది నేనే. ఆ పాపం నాదే. అందుకే ఆపాల్సింది కూడా నేనే. నువ్వు నన్ను తిట్టుకో, ఫర్వాలేదు. బావ నా మొహం చూడకపోయినా ఫర్వాలేదు.

తమ్ముడు


ఇంటి నుంచి
జూలై 9

చిన్నోడా,

అక్షరాలు ఇలా ఉన్నందుకు ఏమీ అనుకోకు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాస్తున్నాను.

నీ ఉత్తరం డిపోకి నాకంటే ముందే అందింది. పోయిన శుక్రవారం బస్సెక్కబోతుంటే మీ బావని ఆపారు. గొట్టంలో ఊదమన్నారు. ఊదాడు. ఏమీ లేదు. మళ్ళీ ఊదమన్నారు. ఏమీ లేదు. సంచి విప్పమన్నారు. అందులో సగం ఉన్న జిన్ సీసా ఉంది. "ఇదెవరిది?" అన్నారట. నాదే అన్నాడు. "ఎందుకు తెచ్చావు?" అంటే మాట్లాడలేదు. బండి నడిపేవాడి సంచిలో మందు సీసా దొరికితే తీసెయ్యాలని వాళ్ళ రూలు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవర్నీ గుద్దలేదని చెప్పినవాళ్ళున్నారట. అయినా తీసేశారు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పి, "పని పోయింది" అన్నాడు. అంతే. స్నానం చేసి వచ్చి కూరగాయలు తరిగాడు. నీ ఉత్తరం వచ్చాక నాకు సంగతి అర్థమైంది.

మీ బావ తాగడురా. పెళ్ళిలో కూడా తాగలేదు. రెండు చుక్కలు నాలుక మీద వేసినా మొహం చిట్లించే మనిషి. మొదటి గ్లాసు నుంచి చివరి గ్లాసు దాకా తాగింది నేను. కుర్చీ వేడి నా మాట. ఏడ్చి మొహం కడుక్కున్న నీళ్ళు నా మాట. నాలుగు కుట్లు నా కనుబొమ్మ మీద ఉన్నాయి, మెట్ల మీద నీళ్ళేం లేవు. వంటవాడు వచ్చినప్పుడు నేను పడుకున్నది మంచం మీద కాదు, బాత్‌రూమ్ నేల మీద. నన్ను లేపుతూ ఉన్నవాడు వచ్చి తలుపు తీశాడు, గుండీలు అందుకే తప్పాయి.

నేను దాచుకున్నవి వెతికి పట్టుకుని రోజూ సంచిలో వేసుకెళ్ళి డిపో వెనక కాలవలో పోసేవాడు. ఇంట్లో పారబోస్తే నేనేం చేస్తానో ఆయనకి తెలుసు. ఒకసారి సింకు గొట్టం విప్పి... వద్దులే. "ఇది నా భార్యది, పారేయడానికి తెచ్చాను" అని ఒక్క మాట అంటే పని మిగిలేది. అనలేదు. ఎందుకనలేదని అడిగాను. "పదిమందిలో నీ పేరెందుకు?" అన్నాడు.

నీకు రుచి చూసే నాలుక కావాలి. నాకు సాకు కావాలి. ల్యాబ్ మూసేశాక నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నువ్వు ఒక్కడివే అడిగావు. నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ వాడికీ వీడికీ కాదు, నీకే చెప్పాలి కదా: ఏప్రిల్‌లో నువ్వు లెక్క కట్టావు, సరిగ్గా కట్టావు, కట్టి కూడా ఆ ఉత్తరం చివర మూడోది అడిగావు. అది చదివి ఎంత సంతోషించానో నీకు తెలీదు.

డిపోకి మళ్ళీ ఏమీ రాయకు. ఆయనకి ఇష్టం లేదు.

నిన్న పొద్దున ఉన్నవన్నీ తీసి పారబోశాను. పిండి డబ్బా వెనకది, కుట్టు మిషను లోపలిది, ఆయనకి తెలియని ఇంకొకటి. ఒక్క చుక్క మిగల్చలేదు. ఇక ముట్టను. ఒట్టు. చెమటలు పడుతున్నాయి, చేతులు ఇలా ఉన్నాయి, గోడ మీద ఏవో పాకినట్టుంటుంది, కానీ పట్టుదలగా ఉన్నాను. డాక్టరూ వద్దు, ఎవరూ వద్దు. మీ బావతో కూడా చెప్పలేదు. వారం గడిచాక చూపిస్తాను.

అక్క


ఓడ నుంచి
ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది, ఇరవై నాలుగు రోజుల తర్వాత. ముందు తంతి ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. తంతిలో ఉన్నదే మళ్ళీ రాస్తున్నాను: ఒక్కసారిగా ఆపకు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఎంత తాగేదానివో నిజం చెప్పు.

ఇది నీకు ధైర్యం లేదని కాదు. రెండేళ్ళ కింద ఓడలో ఒకాయన ఉన్నట్టుండి మానేశాడు. అందరం మెచ్చుకున్నాం. మూడో రోజు భోజనాల గదిలో పడి కొట్టుకున్నాడు, ఓడ డాక్టర్ వచ్చేసరికే అయిపోయింది. అలవాటు పడ్డ ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదని, దానికి మందులుంటాయని, పడుకోబెట్టి చూసుకోవాలని అప్పుడు ఆ డాక్టర్ చెప్పాడు. బార్ వెనక ఉన్నవాడికి ఇది తెలుసు. నీకు చెప్పాలని నాకెప్పుడూ తోచలేదు, తాగేది బావ అనుకున్నాను కాబట్టి.

నీ మాట కాదని డిపోకి రాశాను. నిజం రాశాను. తిట్టు.

బోర్డు మీద మూడు పేర్లూ తుడిపేశాను. బార్ నాకొద్దన్నాను. అక్టోబరు దాకా ఒప్పందం ఉంది, ఆ రోజే దిగుతాను. అప్పటిదాకా బావ చెప్పినట్టు విను. బావకి నేనేం రాయాలో తెలియడం లేదు. నువ్వే చెప్పు ఆయనకి. ఏం చెబుతావో నాకు తెలీదు.

అక్కా, జవాబు రాయి. ఒక్క లైనైనా చాలు.

తమ్ముడు


ఇంటి నుంచి
సెప్టెంబరు 4

బావమరిదికి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. అందుకే ఇన్నాళ్ళు పట్టింది. నీ తంతి చూశాక మీ కంపెనీ ఆఫీసుకి కబురు చేశాను, చెప్పే ఉంటారు. కానీ ఎలా జరిగిందో నీకు తెలియాలి.

జూలై పదో తారీకు పొద్దున మీ అక్క టీ పెడుతూ పడిపోయింది. ఒళ్ళంతా బిగుసుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో మూర్ఛ మళ్ళీ వచ్చింది. మూడు రోజులు ఉంది. మధ్యలో ఒకసారి తెలివొచ్చింది. నర్సుని చూసి, "బీకర్లు కడిగేశారా?" అంది. కడిగేశానని నేను చెప్పాను. పదమూడో తారీకు మధ్యాహ్నం రెండింటికి పోయింది. ఎందుకిలా అయింది, రెండు రోజుల నుంచి ముట్టడం లేదే అని డాక్టర్‌ని అడిగాను. ఆ వాసన నాకు తెలుసు, అది లేదని సంతోషించాను కూడా. అందుకే అయింది అన్నాడు డాక్టర్.

నీ తంతి ఆగస్టు మూడున వచ్చింది. సరిగ్గా చెప్పావు.

ఇంకో సంగతి. నీ డబ్బాతోనే అంతా మొదలైందని నువ్వు అనుకుంటూ ఉంటావు. కాదు. ల్యాబ్ మూసెయ్యలేదు. ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ దీపాలకి వాడే స్పిరిట్ జాడీలో ఎప్పుడూ తక్కువ వస్తుంటే, ఏడాది కాపలా కాసి ఆమెని పట్టుకున్నారు. ఎన్నేళ్ళ నుంచో నాకు తెలీదు. పరువుగా వెళ్ళిపొమ్మన్నారు. నీకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నువ్వు నాన్నని తలుచుకుంటావని.

ఆ తర్వాత ఐదు నెలలు ముట్టలేదు. నేను పక్కనే ఉండి చూసుకున్నాను. మాన్పించాను కానీ మాట్లాడించలేకపోయాను. గోడకేసి కూచునేది. అప్పుడు నీ డబ్బా వచ్చింది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. గుమ్మంలోనే దాన్ని వెనక్కి పంపొచ్చు. లేచాను కూడా. కానీ ఆమె తాళ్ళు కోస్తూ, వేలు తెగి, రక్తం చీకుతూ నవ్వింది. ఐదు నెలల తర్వాత నవ్వింది. నేను మళ్ళీ కూచున్నాను.

నీకు రాయాలని చాలాసార్లు అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆమె గట్టిగా చదివి వినిపించేది. నేను అన్నానని రాసిన మాటలు చదివి, "చూశావా, నువ్వెంత బాగా మాట్లాడావో" అనేది. రేపు రాద్దాం అనుకునేవాణ్ణి.

నీ రెండో ఉత్తరం చూసి డిపోవాళ్ళు పిలిచారు. ఆ సీసా భార్యదని కాగితం మీద సంతకం పెడితే మళ్ళీ తీసుకుంటామన్నారు. పెట్టలేదు. ఇప్పుడామె జవాబు చెప్పుకోలేదు కదా. నువ్వు మంచికే రాశావు. రెండుసార్లూ మంచికే రాశావు. నాకు నీ మీద కోపం ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. నా మీద ఉన్నంత లేదు. ఇప్పుడు ఒక గోదాములో సామాను దించే పని చేస్తున్నాను. పగటి పనే.

అక్టోబరులో దిగుతానన్నావు. తారీకు రాయి, రేవుకి వస్తాను. నన్ను చూసి ఏమనాలో ఆలోచించుకుంటూ రాకు. నేనూ ఆలోచించుకోను. ఆమె గది అలాగే ఉంది, నువ్వు అందులో పడుకోవచ్చు. ఇద్దరం కాస్త తిట్టుకోవచ్చు, ఏడవొచ్చు.

వచ్చేటప్పుడు ఏమీ తేవద్దు.

బావ